తూకానికి పోయిన నా పుట్టిన తేదీ

నా పుట్టినరోజు జూన్ ఒకటి. అంటే, కాగితాల మీద. బళ్ళో చేర్పించేటప్పుడు మా నాయన "జూన్ ఒకటి అని రాసుకోండి సార్" అన్నాడు, అయ్యవారు రాసుకున్నాడు, అంతే. మా తరగతిలో సగం మంది అదే రోజు పుట్టారు :) ఇప్పుడు ఆఫీసులో ప్రతి ఏడూ ఆ రోజు కేకు తెప్పిస్తారు, నేను దొంగలాగా నవ్వుతూ కోస్తాను. అసలు తేదీ ఏంటో మా అమ్మకి గుర్తు లేదు. అడిగితే "దసరా పోయినంక, శెనక్కాయ పెరికే దినాల్లో" అంటుంది. ప్యాపిలి చుట్టుపక్కల శెనక్కాయ పెరకడం ఒక నెలపైనే సాగుతుంది కాబట్టి ఆ సమాచారంతో పాస్‌పోర్టు రాదు.

కానీ ఆ తేదీ ఒకచోట రాసి ఉండేది. నేను అడ్డం తిరిగానంట. అర్ధరాత్రి మా ఊరి డాక్టరు సారు స్కూటరు మీద వచ్చి నన్ను బయటికి లాగాడంట. ఆయనకొక అలవాటు ఉండేది. చేసిన ప్రతి కాన్పునీ పొడుగాటి లెడ్జరు పుస్తకంలో రాసేవాడు. తేదీ, టైము, తల్లి పేరు, ఊరు, మగో ఆడో, బరువు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయినప్పుడల్లా ఆ పుస్తకాలు ఆయన వెనక బీరువాలో వరసగా నిలబడి ఉండేవి. ఎప్పుడో ఒకసారి పోయి చూసుకుందాం లే అనుకున్నాను. ఉద్యోగం, బెంగుళూరు, డెడ్‌లైన్లు... మీకు తెలిసిందే.

రెండేళ్ళ కిందట సారు చనిపోయాడు. కిందటేడు ఉగాదికి ఇంటికి పోతే ఆయన ఇల్లు లేదు. అమ్మేశారు, కొట్టేశారు, పిల్లర్లు లేస్తున్నాయి. బీరువా సంగతి అడుగుతూ అడుగుతూ పాత సామాన్లు కొనే అన్న దగ్గర తేలాను.

"అన్నా, డాక్టరు సారు ఇంట్లో పుస్తకాలేమన్నా వచ్చినాయా?"

"వచ్చినాయప్పా, బో వచ్చినాయి. రెండు తూకాలు. లోడు ఎప్పుడో పాయె."

కిలో పన్నెండు రూపాయలంట. నా పుట్టిన తేదీ బరువు ఎన్ని గ్రాములుంటుందో లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను.

*

నేను సాఫ్టువేరోణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. కానీ మా వృత్తిలో ఒక సంగతి మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది. ప్రోగ్రాము ఏం చేసిందో రాసిపెట్టే లాగ్ ఫైళ్ళని డిస్కు నిండిందని ఎవడో ఒకడు చెరిపేస్తాడు. సరిగ్గా ఆ మర్నాడే ఏదో పగులుతుంది. అప్పుడు అందరం కూర్చుని, నిన్న రాత్రి ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవాలి. డాక్టరు కాగితాలు కూడా అలాంటి లాగే కదా అనిపించింది. ఒక ఊళ్ళో నలభై ఏళ్ళ పాటు ఎవరికి ఏ రోగం వచ్చింది, ఏ ఏడు ఏ జ్వరం తిరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు.. ఇదంతా ఇంకెక్కడ ఉంటుంది?

ఇంతకీ డాక్టర్ల కాగితాలు ఎవరైనా దాస్తారా అని గూగులించాను. దాస్తారు. బ్రహ్మాండంగా దాస్తారు. లండన్‌లో వెల్‌కమ్ కలెక్షన్ అని ఒకటుంది. ఎప్పుడో పోయిన వైద్యుల ఉత్తరాలు, నోటుపుస్తకాలు, చిత్రపటాలు అట్టపెట్టెల్లో పెట్టి, నంబర్లేసి, చాలా వాటిని స్కాన్ చేసి అంతర్జాలంలో పెట్టారు. అలా తవ్వుకుంటూ పోతే మన తెలుగునేలకి సంబంధించిన కథలు కొన్ని దొరికాయి. చదివేకొద్దీ ఒక ప్రశ్న పట్టుకుంది. కొందరి కాగితాలు ఉండిపోతాయి, కొందరివి పోతాయి. ఎందుకు?

*

ముందు ఉండిపోయిన కాగితాల సంగతి. రోనాల్డ్ రాస్ గురించి అందరం బళ్ళో చదువుకున్నాం. 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఒక దోమ కడుపుని కోసి, లోపల మలేరియా క్రిమి పెరుగుతోందని కనుక్కున్నాడు. 1902లో నోబెల్ బహుమతి. నాలుగు మార్కుల ప్రశ్నకి ఇంత చాలు.

కానీ ఆయన ఉత్తరాలు వేరే కథ చెప్తాయి. రాస్ ఇక్కడుంటే ఆయన గురువు పాట్రిక్ మ్యాన్సన్ లండన్‌లో ఉన్నాడు. ఉత్తరం ఓడెక్కి పోయి జవాబు రావాలంటే నెల పైమాటే. 1895 నుంచి 1899 దాకా వాళ్ళిద్దరి మధ్య నడిచిన ఉత్తరాల్లో మిగిలినవి 173. వాటన్నిటినీ 1998లో బైనమ్, ఓవరీ అనే ఇద్దరు చరిత్రకారులు పుస్తకంగా వేశారు. పాఠ్యపుస్తకంలో లేనిదీ ఆ ఉత్తరాల్లో ఉన్నదీ ఏంటంటే, గురువుగారి ఊహ సగం తప్పు. దోమలో మలేరియా క్రిమి ఉంటుందన్నంత వరకు మ్యాన్సన్ సరిగ్గానే ఊహించాడు. కానీ అది మనిషికెలా చేరుతుందంటే, దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు మనం తాగుతాం అనుకున్నాడు. శిష్యుడు దాన్ని నమ్మి సికింద్రాబాదులో కొందరికి దోమలు చచ్చిన నీళ్ళు తాగించి కూడా చూశాడు. ఇవాళ అలాంటి పని చేస్తే జైల్లో పెడతారు. తర్వాత కుట్టడం వైపు మళ్ళాడు. కొన్నాళ్ళు తప్పు జాతి దోమల్నే కోస్తూ కూర్చున్నాడు. మైక్రోస్కోపు స్క్రూలు చెమటకి తుప్పు పట్టాయి. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి కాబట్టి గాలి కూడా లేదు.

మా భాషలో చెప్పాలంటే పాఠ్యపుస్తకంలో ఉన్నది ఫైనల్ రిలీజు. ఉత్తరాల్లో ఉన్నది దాని వెనకున్న మార్పుల చరిత్ర మొత్తం. ఎక్కడ తప్పు చేశారో, ఎక్కడ వెనక్కి తిరిగారో, అన్నీ. కొత్తగా పరిశోధనలోకి వచ్చే పిల్లలకి ఏది ఎక్కువ ఉపయోగమో మీరే చెప్పండి.

ఇంకో సంగతి. ఆ ఆగస్టులో రాస్ దోమలకి రక్తమిచ్చింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున మొత్తం ఎనిమిది అణాలు ముట్టాయి. అలా తాగిన దోమల్లో ఒకదాంట్లోనే రాస్ ఆ క్రిమిని చూశాడు. ప్రపంచమంతా ఆగస్టు 20ని దోమల దినంగా జరుపుకుంటోందంటే దాంట్లో ఆయన రక్తం కూడా ఉంది, మాటవరసకి కాదు, నిజంగానే. ఆ మనిషి పేరు మనకి తెలిసిందంటే డాక్టరు కాగితం మీద పెట్టడం వల్లే. రాస్ చిత్రపటాలు బోలెడున్నాయి. హుసేన్ ఖాన్‌కి ఉన్నది ఆ కాస్త సిరా.

మరి రాస్ కాగితాలు ఎందుకు మిగిలాయి? పరిశోధన మీద ప్రేమ ఒక్కటే కాదు. ఆయనకి ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీతో ముందు ఎవరు కనుక్కున్నారన్న గొడవ బతికినంత కాలం నడిచింది. ప్రతి చీటీ సాక్ష్యమే. అందుకని ఏదీ పారెయ్యలేదు. పెద్దయ్యాక డబ్బుకి ఇబ్బందై, భార్యాపిల్లల కోసమని చెప్పి 1928లో తన కాగితాలు అమ్ముతానని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. నోబెల్ వచ్చిన మనిషి! లేడీ హ్యూస్టన్ అనే ఆవిడ రెండు వేల పౌండ్లిచ్చి కొంది. కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇస్తానంటే వాళ్ళు వద్దన్నారు. చివరికి ఆయన కాగితాలు కొన్ని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో, కొన్ని గ్లాస్గోలోని వైద్యుల కాలేజీలో కుదురుకున్నాయి. రాస్ పని చేసిన భవనం మాత్రం మన బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఉంది. గోడలు మనకి మిగిలాయి, కాగితాలు వాళ్ళకి పోయాయి. నన్నడిగితే కాగితాలే విలువైనవి.

*

దాచిన కాగితం గొప్పతనం ఇంకోటుంది. అది దాచినవాణ్ణే తప్పని తేల్చగలదు.

రాస్ కంటే కొన్నేళ్ళ ముందు అదే హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ ఉండేవాడు, వైద్య పాఠశాలకి పెద్ద కూడా. ఆ రోజుల్లో ఆపరేషన్‌కి క్లోరోఫాం ఇస్తే కొందరు బల్ల మీదే పోయేవాళ్ళు. ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్నది పెద్ద తగాదా. ఊపిరే, గుండెకేం కాదు అని లారీ వాదం. 1888లో ఒకటి, 1889లో ఇంకోటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లిస్తే లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు దిగాడు. వందల కొద్దీ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి లారీ చెప్పిందే రైటన్నారు. తర్వాత 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు క్లోరోఫాం తక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. లారీ వాదం నిలబడలేదు. అన్నట్టు ఈ లారీగారే మలేరియా క్రిమి అనేదే లేదని కూడా గట్టిగా వాదించాడు :)

అయినా నాకు లారీ మీద గౌరవమే. ఆ కమిషన్ ప్రయోగాల వివరాలన్నీ నాడి గీతలతో సహా అచ్చేసి పెట్టింది. "నన్ను నమ్మండి" అనలేదు, "ఇదిగో చూడండి" అంది. తర్వాత వచ్చినవాళ్ళు ఆ గీతల్నే ముందు పెట్టుకుని వాళ్ళతో వాదించారు. పారేసిన కాగితంతో అదీ కుదరదు.

*

ఇప్పుడు రెండో వైపు. కాగితాలు చేతుల్లోంచి జారిపోయిన కథ, అదీ మన తెలుగాయనది.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స క్లాసుకి పోయినందుకు తెల్ల ప్రొఫెసరుకి మండింది. పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్ళు మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో బోస్టన్‌కి ఓడెక్కారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు (1925). బయోకెమిస్ట్రీ విద్యార్థులు "ఫిస్కే సుబ్బారావు పద్ధతి" అని చదువుకునేది అదే. తర్వాత కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ని, ఏటీపీని వేరుచేశారు. ఒంట్లో ప్రతి కదలికకీ ఇంధనం ఆ ఏటీపీయే. 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనశాలకి మారారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసిన జట్టు ఆయనది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ని ఆ జట్టే తయారు చేసి ఇస్తే, సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సరున్న పిల్లలకి వాడి చూశాడు. కొందరిలో రోగం కొన్నాళ్ళ పాటు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు వచ్చాయి. క్యాన్సరుకి మందు పనిచేస్తుందని నమ్మకం కుదిరిన మొదటి సందర్భాల్లో అదొకటి. బోదకాలుకి హెట్రజాన్ కూడా ఆ పరిశోధనశాలదే. మన దగ్గర ఇంటింటికీ వచ్చి మింగించే ఫైలేరియా మాత్రల్లో ఉండేది ఆ మందే. బోదకాలు క్రిమి దోమలో పెరుగుతుందని 1877లో కనుక్కున్నది ఎవరనుకున్నారు? రాస్ గురువు మ్యాన్సన్! ఒక ఉత్తరాల కట్టలోంచి ఇంకో కట్టలోకి దారి ఇలా పోతూనే ఉంటుంది.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు. తిరిగి ఇండియాకి రానేలేదు.

మరి ఇంత చేసిన మనిషి పేరు చాలామందికి ఎందుకు తెలియదు? ఆయన రాస్ లాంటివాడు కాదు. పేటెంటు కోసం, పేరు కోసం, ముందు నేనంటే నేనని కొట్లాడలేదు. కంపెనీలో కనుక్కున్నవి జట్టు పేరు మీద పోయాయి. హార్వర్డులో చేసిన కొన్ని పనులు అచ్చు మొహమే చూడలేదు. తర్వాతెప్పుడో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అదే డిపార్టుమెంటులో చదివినవాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి కనుక్కోవలసి వచ్చిందనీ, ఫిస్కే అసూయతో వాటిని బయటికి రానివ్వకపోవడమే కారణమనీ అన్నాడు. మళ్ళీ కనుక్కోవడం అంటే తమాషా కాదు. కొన్నేళ్ళ పని. అంటే ఆ కొన్నేళ్ళు రోగులు ఆగాలి.

ఎస్.పి.కె. గుప్తా అనే జర్నలిస్టు పట్టుబట్టి తిరిగి, ఆయనతో పనిచేసినవాళ్ళనీ బంధువులనీ కలిసి, ఉత్తరాలూ పత్రాలూ కూడబెట్టి, 1987లో జీవితచరిత్ర తెచ్చాడు. ఇవాళ మనం సుబ్బారావు గారి గురించి ఇంత మాట్లాడుకుంటున్నామంటే ఆ కూడబెట్టిన కాగితాల పుణ్యం చాలా ఉంది. 1995లో తపాలా బిళ్ళ వచ్చింది. సూటూ టై వేసుకున్న ఒకటి రెండు ఫోటోలే మళ్ళీ మళ్ళీ అన్ని చోట్లా కనిపిస్తాయి, గమనించారా? ఒక మనిషి మొత్తం జీవితానికి!

*

ఇక్కడ నాకు విషయం కాస్త తెలిసొచ్చింది. కాగితం గొప్పదవడం వల్ల మిగలదు. అది ఎవరికో ఒకరికి అవసరం కావడం వల్ల మిగులుతుంది. రాస్‌కి తగాదా ఉంది. లారీకి నిజాం డబ్బుకి లెక్క చెప్పాలి. గుంటూరులో అన్నా కుగ్లర్ అని అమెరికా లూథరన్ మిషన్ డాక్టరమ్మ ఉండేది. 1883లో వచ్చింది, 1898లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచింది, 1930లో పోయింది. ఆ ఆసుపత్రి గురించి 1928లో తనే ఒక పుస్తకం రాసింది. మిషన్ డాక్టర్లు చందాలిచ్చేవాళ్ళకి ఏటేటా నివేదిక పంపాలి. ఎంతమంది రోగులొచ్చారు, ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు. ఆ నివేదికలు అవతల చర్చి భాండాగారాల్లో చేరాయి. వందేళ్ళ కిందటి గుంటూరు ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి తెలుసుకోవాలంటే అమెరికా వైపు చూడాలన్నమాట.

సరే, ఇదంతా హైదరాబాదు, గుంటూరు, బోస్టన్. మా ప్యాపిలికేం సంబంధం అంటారా? ఉంది.

మాకు పక్కనే పత్తికొండ. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జూలై 6న అక్కడే కలరాతో పోయాడు. మన్రో మాకు కొత్తవాడు కాదు, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకి కలెక్టరు. ఆయన చావు గురించి, ఉత్తరాల గురించి మూడేళ్ళకే పుస్తకాలు అచ్చయ్యాయి. సరే, గవర్నరు కదా. అసలు కథ దాని తర్వాత యాభై ఏళ్ళకి.

మా అవ్వ, వాళ్ళ అవ్వ చెప్పిందంటూ, అన్నం పారేస్తే "ధాత కరువు నాడు తెలిసేది" అని తిట్టేది. అది 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చేసింది. అప్పుడు మద్రాసు రాజధానికి శానిటరీ కమిషనరు విలియం కార్నిష్ అనే డాక్టరు. 1877 జనవరిలో వైస్రాయి పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు, ఖర్చు తగ్గించడానికి. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఒక పౌండు గింజలూ (సుమారు 450 గ్రాములు) దాని మీద కాస్త చిల్లరా చాలన్నాడు. కార్నిష్ ఎదురు తిరిగాడు. ఎదురు తిరగడానికి ఆయన దగ్గరున్నది ఏంటి? కాగితాలు! 1863లోనే ఆయన మద్రాసు రాజధానిలో జనం ఏం తింటారు, జైళ్ళలో ఖైదీలకి ఎంత పెడితే బతుకుతారు అన్న వివరాలు జిల్లాల డాక్టర్ల దగ్గర్నుంచి తెప్పించి నివేదిక వేశాడు. పని చేసే మనిషికి పౌండు గింజలు చాలవని ఆ లెక్కలు పట్టుకుని రాశాడు. ప్రభుత్వంలోనే ఇద్దరు పెద్దమనుషులు కాగితాల మీద కొట్టుకున్నారు. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఆలస్యమైంది, నిజమే. కానీ పెంచింది.

ఇంకో విచిత్రం చూడండి. 1871లో మద్రాసు రాజధాని జనాభా లెక్కల నివేదిక రాసింది కూడా ఈ కార్నిషే. ఆ లెక్కలో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేలు. పదేళ్ళ తర్వాత 1881 లెక్కలో 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేరు. చచ్చారో, వలస పోయారో, పుట్టనేలేదో. ప్యాపిలి అప్పుడు ఆ జిల్లాలో పత్తికొండ తాలూకాలో ఉండేది. ముందటి లెక్క లేకపోతే తర్వాత ఎంతమంది తగ్గారో చెప్పేవాడే లేడు. "ఏదో కరువు వచ్చిందంట" అని ఊరుకునేవాళ్ళం. ఒక డాక్టరు రాసి పెట్టడం వల్ల మా ఊళ్ళ ఆకలికి రుజువు మిగిలింది.

ఆ కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలున్నాయి. ఎముకలకి చర్మం అంటించినట్టున్న మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసినవి. వెల్‌కమ్ కలెక్షన్‌లో చూడొచ్చు. నేను చూసి వెంటనే మూసేశాను. డాక్టర్ల చిత్రపటాల కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, బిరుదులు ఉంటాయి. ఈ ఫోటోల్లో మనుషులకి పేర్లు లేవు.

*

మన దగ్గర దాచే చోటే లేదా అంటే, ఉంది. డి.వి. సుబ్బారెడ్డి గారని ఒక డాక్టరు వైద్య చరిత్రకే జీవితం ఇచ్చిన మనిషి. ఆయన పూనుకోగా 1956లో హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగం పెట్టారు. అది పెరిగి, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి కిందికి పోయి, 2009లో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ అని పేరు మార్చుకుంది. గడ్డిఅన్నారంలో ఉంది. తాళపత్రాలు, పాత వైద్య గ్రంథాలు, మ్యూజియం, పత్రిక అన్నీ ఉన్నాయి. రాతప్రతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పనీ చేస్తున్నారు. చాలా మంచి పని. కానీ వాళ్ళ ప్రధాన దృష్టి ఆయుర్వేదం, యునాని లాంటి ప్రాచీన వైద్యం మీద. మా సారు లెడ్జర్లు తాళపత్రాలు కావు. నీలం సిరాతో, పిచ్చి చేతిరాతతో, మధ్యమధ్యలో కాఫీ మరకలతో ఉండే 1980ల నాటి పుస్తకాలు. వాటిని ఎవరూ వారసత్వం అనుకోరు. యాభై ఏళ్ళు గడిస్తే అనుకుంటారు. ఆలోపు తూకానికి పోతాయి.

ఒక అభ్యంతరం ఉంది, అది నిజమైనదే. రోగుల రహస్యాలు. ఎవరికి ఏ జబ్బు, ఎవరికి గర్భం పోయింది, ఎవరు విషం తాగి వచ్చారు.. చిన్న ఊళ్ళో ఆ పుస్తకం బయటపడితే కాపురాలు కూలతాయి. నిజమే. కానీ పాత సామాన్ల కొట్లో పడితే రహస్యం దాగినట్టా? శెనక్కాయల పొట్లం విప్పితే ఎవరి చీటీ ఉందో ఎవరికి తెలుసు? విదేశాల్లో రోగుల పేర్లున్న కాగితాలకి తాళమేసి వందేళ్ళ దాకా కూడా తెరవనివ్వని చోట్లున్నాయి. దాచడం అంటే వెంటనే అందరికీ చూపించడం కాదు. పారెయ్యకపోవడం, అంతే.

రాస్‌కి తగాదా ఉంది, మిషన్ వాళ్ళకి చందాలున్నాయి. మా సారు కాగితాలతో అవసరం ఎవరికుంది? సారుకే లేదు, ఆయన కొడుక్కీ లేదు. ఆ పిల్లవాణ్ణి నేను తప్పు పట్టను, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరైనా అదే చేస్తారు. అవసరమున్నది నాకు. ఆ పుస్తకాల్లో ఉన్న మాలాంటి వేలమందికి. మేమే అడగలేదు. నేను పదేళ్ళు "పోదాం లే" అనుకున్నాను. కాబట్టి ఇందులో దోషం ఎవరిదో నాకు తెలుసు.

*

కథ ఇంకొంచెం ఉంది. సారు దగ్గర చాలా ఏళ్ళు పనిచేసిన కాంపౌండరు మామ ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి ఏడుపు మొహం పెడితే, లోపలికి పోయి గుడ్డలో చుట్టిన ఒక పుస్తకం, ఒక ఫోటో తెచ్చాడు. ఫోటో సారు మెడికల్ కాలేజీ బ్యాచిది. మూడు వరసలు, అందరూ బక్కగా, మందపాటి కళ్ళద్దాలతో. రెండో వరసలో సారుని మామ చూపించాడు. మిగతా వాళ్ళెవరో ఆయనకీ తెలియదు. వెనక తిప్పి చూశాను. ఒక్క పేరు రాసి లేదు. ఆ ఫోటోలో ఎంతమంది ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని బతికించారో ఇక ఎవరు చెప్పాలి? ఇంట్లో పాత ఫోటోలుంటే ఈ రాత్రే వెనక పేర్లు రాసిపెట్టండి. పెన్సిలుతో రాయండి, సిరా అయితే ముందుకి దిగుతుంది.

పుస్తకం 1989ది. కాన్పుల లెడ్జరు. బీరువాలో పట్టక సారు ఇంటికి పట్టుకుపొమ్మన్నాడంట, మామ అలాగే ఉంచేశాడు. నేను పుట్టింది ఇంకా ఎనిమిదేళ్ళ తర్వాత, కాబట్టి నా పేరుండే ప్రశ్నే లేదు. ఊరికే తిప్పుతుంటే మా వీధి అన్న ఒకాయన తల్లి పేరు కనపడింది. ఫిబ్రవరి 11, తెల్లవారుజామున 4:20, మగబిడ్డ. ఆ అన్నది కూడా నా లాగే జూన్ ఒకటి బ్యాచి.

ఫోన్ చేశాను. "అన్నా, నువ్వు పుట్టింది ఫిబ్రవరి 11 అంట. డాక్టరు సారు రాసిపెట్టినాడు. తెల్లారుజామున నాలుగూ ఇరవైకి."

కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఏ వారమప్పా?"

క్యాలెండరు చూసి చెప్పాను. "శనివారం."

"శనివారమా! అందుకే కదప్పా నా బతుకిట్లుంది" అని నవ్వాడు. నవ్వి, మళ్ళీ ఆగి, "ఆ పేజీ ఫోటో తీసి పంపించు. మా అమ్మకు చూపిస్తా" అన్నాడు.

పంపించాను. పుస్తకాన్ని మాత్రం మామ మళ్ళీ గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాడు. నేను అడిగినా ఇవ్వలేదు. మంచిదే, నా కంటే ఆయన దగ్గరే భద్రంగా ఉంటుంది.

మీ ఊళ్ళో కూడా అలాంటి సారో, డాక్టరమ్మో ఉండే ఉంటారు. బీరువా ఇంకా ఉంటే, ఇల్లు కొట్టేసే లోపు ఒకసారి పోయి అడగండి.